గాలి వదిలితే కనబడిన నొప్పి

యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. అంతకుముందు ఈ సంగతి నోటితో చెబితే, వినేవాళ్లు మధ్యలోనే "గ్యాసయి ఉంటది తీ" అనేవారు. రాస్తే చివరిదాకా చదువుతారని రాస్తున్నాను.

కరోనాకు ముందు సంవత్సరం. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక స్కానింగ్ సెంటర్‌లో ఆయాను. పేషెంట్లను బల్లమీద పడుకోబెట్టడం, జెల్ తుడవడం నా పని. మన్సూరాబాద్‌లో మా పక్క వీధి కోడలు సునీత మూడోసారి వచ్చింది. నాలుగు ముద్దలు తింటే బొడ్డుపైన మెలిపెట్టే నొప్పి. ఆ భయంతో తిండి మానేసి ఎముకలు తేలి ఉంది. ఎండోస్కోపీ, అంటే గొట్టంతో కడుపులోకి చూసే పరీక్ష, నార్మల్. రెండు స్కానింగులూ నార్మల్. ఈసారీ అదే వస్తే పిచ్చి దవాఖానలో చేర్పిస్తానని మొగుడు తేల్చేశాడు.

"పని చెప్తెనే నొస్తది దీనికి," అంది వెంట వచ్చిన అత్త.

"తింటె నొస్తది అత్తమ్మా."

"చూసినవా, మళ్ల మొదలువెట్టింది!"

"అక్కా, నువ్వు జర బయట కూసో," అన్నాను.

"నేనెందుకు పోవాలె?"

"బల్ల ఒక్కరికే ఉన్నది."

సునీతను చూసి డాక్టరమ్మ డాప్లర్ కూడా చేద్దామంది. అది రక్తం పరుగెత్తే వేగం చూపించే స్కానింగ్. "ఊపిరి బాగా పీల్చి బిగబట్టండి," అంది. అందరికీ చెప్పే మాటే. అలా బిగబడితే లోపలి భాగాలు బాగా కనబడతాయి. సునీతకు చేతకాలేదు.

"కదిలితే నేనేం చూడనమ్మా?" డాక్టరమ్మ విసుక్కుంది.

"నాతోని అయితలేదు మేడం." సునీత గాలంతా వదిలేసి ఏడుస్తూ పడుకుంది. డాక్టరమ్మ చెయ్యి ఆమె పొట్టమీదే ఆగిపోయింది.

"ఉండండి. అలాగే ఉండండి. పీల్చకండి."

తెరమీద రక్తం వేగం చూపే అంకె ఎగబాకింది. పీలిస్తే దిగింది, వదిలితే మళ్లీ ఎక్కింది. డయాఫ్రమ్, అంటే ఊపిరికి కదిలే కండరం, దాని కింది పట్టీ కడుపుకు వెళ్లే రక్తనాళాన్ని నొక్కుతోందని, గాలి వదిలినప్పుడు ఇంకా బిగుస్తుందని, ఇరుకైన చోట రక్తం వేగం పెరుగుతుందని చెప్పింది. పేరు మీడియన్ ఆర్క్యుయేట్ లిగమెంట్ సిండ్రోమ్. చాలా అరుదట. రంగుమందు ఎక్కించి రక్తనాళాలు చూసే సీటీ యాంజియోగ్రామ్‌తో రూఢి చేసుకోవాలంది.

ముందు రెండుసార్లూ రక్తం పరుగు ఎవరూ చూడనే లేదు. ఈసారి చూస్తూ కూడా, పీల్చి బిగబట్టమనే అలవాటు మాటతో మేమే దాచేయబోయాం.

"మరి గిన్ని దినాలు మీరు చూసిందేంది?" అంది, లోపలికొచ్చి విన్న అత్త. ఆ వెంటనే, "రేపు అమాస, తర్వాత చూద్దాం," అంది. నా తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

సీటీలో అదే తేలాక ఆపరేషనయింది, సునీత మెల్లగా తిండిలో పడింది. రిపోర్టులో నార్మల్ అని ఉంటే, మనం చూసిన తీరులో కనబడలేదనే అర్థం. నొప్పి లేదని కాదు.

ఆ సీటీ మాటకొస్తే, అమాస నాడు పొద్దునే నేను సెలవు పెట్టి, ఆటో మాట్లాడుకుని, గడపకు అడ్డంగా కూర్చున్న అత్తను దాటి లోపలికెళ్లి, సునీతను ఎల్బీనగర్‌లో సీటీకి తీసుకెళ్లాను.