కుప్పం గోడ మీద పుంగనూరు ఆవు

"బస్సులో మన్ను మూట మోసుకొస్తారా ఎవరన్నా? కుప్పంలో మన్నుకు కరువా అమ్మా?"

"కరువేం లేదు. ఇది పుంగనూరు మన్ను. నా ఆవుకు ఇదే కావల్ల."

"రేపు పొద్దున పెయింటర్ వస్తాడు. డబ్బాల్లో ఎన్ని రంగులుండాయో సూసినావా?"

"డబ్బా రంగు నీ గేటుకు కొట్టించుకో. వసారా గోడ నాకిస్తానన్నావు గదా?"

నా కూతురు నెత్తి కొట్టుకుంది. "అన్నాను. పొద్దు గుంకే లోపల కుదరకుంటే ఆ గోడ కూడా పెయింటర్‌కే. మళ్లీ నన్ను అనొద్దు."

అది కూతురూ అల్లుడూ కుప్పంలో కొత్తగా కట్టుకున్న ఇల్లు. నేను పుట్టింది పుంగనూరులో. మూడో తరగతితో బడి మాన్పించారు. కాపురానికి మదనపల్లె వచ్చాక, ఏటా వానలు తగ్గగానే ఇంటి గోడ మీద మా పుట్టింటి ఆవును వేసుకునేదాన్ని. నా నడుమెత్తు కూడా లేని పొట్టి ఆవు అది. సాయంత్రం మేత నుంచి దుమ్ము కొట్టుకుని వస్తే, మన్ను ఏదో ఆవు ఏదో తెలిసేది కాదు. అందుకే దాన్ని వేరే రంగుతో వేయడం నాకు చేతకాదు.

మన్నును పాత చీర గుడ్డలో జల్లించి, గంజిలో కలిపాను. ఈతపుల్ల కొస నమిలి కుంచె చేసుకున్నాను. కుంచె కొనే అలవాటు నాకు లేదు. మధ్యాహ్నానికి ఆవు నిలబడింది. అన్నం తిని చెయ్యి కడుక్కుంటుంటే మనవరాలు కేకేసింది.

"అవ్వా, నీ ఆవుకు తోలు ఊడిపోతాండాది!"

నిజమే. పెచ్చులు పెచ్చులుగా రాలుతోంది. మదనపల్లెలో మాది పాత సున్నపు గోడ, గంజిని తాగేస్తుంది. ఇది పుట్టీ పెట్టిన గోడ, అద్దంలా నున్నగా ఉంది. ఆ తేడా నాకు ముందు తట్టలేదు.

"సాల్లే అమ్మా, ఇంక వదిలెయ్. చేతులు నొస్తాయి," అంది కూతురు.

"నొచ్చేది నా చేతులు. నువ్వు పోయి నీ పని సూసుకో."

ఇంటి పని చేసినవాళ్లు వదిలేసిపోయిన గ్రానైటు ముక్క ఒకటి తీసుకుని, గోడ గరుకు తేలేదాకా రుద్దాను. గంజికి బదులు, పెరటి తుమ్మచెట్టుకు కారిన బంక గీకి వేడినీళ్లలో కరిగించాను. ఇక మన్ను కావాలి. రాలినదాంట్లో పుట్టీ పొడి కలిసి తెల్లబడింది. మూటలో మిగిలింది పిడికెడే.

కాసేపు ఆ మూట ముందు కూర్చున్నాను. తర్వాత లేచి, గునపం తీసుకుని వాళ్ల పెరట్లోనే తవ్వాను. కూతురు కిటికీలోంచి చూసింది. కుప్పంలో మన్నుకు కరువా అని తను అన్న మాట నాకు మళ్లీ వినబడింది.

కుప్పం మన్నులో కొంచెం పసుపు ఉంది. పుంగనూరు మన్నును మొహానికీ మూపురానికీ సరిపెట్టాను. పొట్టా, నాలుగు కాళ్లూ ఈ ఊరి మన్నుతోనే వేశాను. పొద్దు గుంకేసరికి తోక కుచ్చు కూడా అయింది.

పొద్దున్నే గోడను అరచేత్తో గట్టిగా తుడిచి చూశాను. చేతికి రంగు అంటలేదు. పెయింటర్ వచ్చి యాడ మొదలుపెట్టాలని అడిగాడు. కూతురు అతనికి లోపలి గదులు చూపించి, చుక్క పడకుండా ఆవు మీద పాత దుప్పటి కట్టించింది. నేను మన్ను మూట కట్టి తెచ్చిన ఖాళీ గోనెసంచి దులిపి, మడిచి, ఊరికి తీసుకుపోయే సామానులో పెట్టుకున్నాను.