పిట్టగోడ మీది తలుపు

మా డాబా చుట్టూ పిట్టగోడ మీద ఇనుప రెయిలింగు ఉంది. ఆ రెయిలింగుకు వెనక వైపున ఒక చిన్న తలుపు కూడా ఉంది. తలుపు తీసి దాటితే మెట్లుండవు, వరండా ఉండదు, కింద సందు ఉంటుంది, అంతే. కొత్తగా వచ్చినవాళ్లు చూసి నవ్వుతారు. ఇది స్వర్గానికి దారా అని మా చుట్టం ఒకాయన వేళాకోళం ఆడాడు. ఆయనకు ఆ రోజు నా చేతి టీ దక్కలేదు.

నేను భద్రాచలంలో బస్సు కండక్టర్ని. టికెట్ టికెట్ అని అరిచీ అరిచీ నా గొంతు ఇంట్లో కూడా కిందికి దిగదు. మాట పెళుసు అంటారు, కావచ్చు. ఇంట్లో నేను, అమ్మ, తమ్ముడు. ఇల్లు కరకట్టకు దగ్గరగా, పల్లంలో ఉంది. నాన్న కట్టించిందే. పైన ఇంకో అంతస్తు వేద్దామన్న ఆశతో ఆయన పిట్టగోడను మోకాలి ఎత్తుకే ఆపించాడు. ఎట్లాగూ పగలగొట్టే గోడకు ఇటుకలు దండగ అన్నాడట. నాన్న పోయాడు, అంతస్తు రాలేదు, గోడ మోకాలి దగ్గరే ఉండిపోయింది. మా వీధిలో సగం డాబాల సంగతి ఇంతే. పిల్లర్ల ఊచలు పైకి లేచి తుప్పు పడుతుంటాయి, గోడలు పొట్టిగానే ఉంటాయి.

తమ్ముడికి చిన్నప్పటి నుంచీ ఫిట్స్. మాత్రలు వేసుకుంటాడు. నెలల తరబడి ఏమీ ఉండదు, పీడ వదిలిందిరా దేవుడా అనుకునేసరికి మళ్లీ వస్తుంది. బండి నడపొద్దని, నీళ్ల దగ్గరికీ పొయ్యి దగ్గరికీ ఒంటరిగా పోవద్దని డాక్టరు చెప్పాడు. డాబా మాట ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు. వాడు ముందు గదిలో ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేస్తాడు. పని అయిపోతే డాబా ఎక్కుతాడు. అక్కడ వాడి పావురాలు ఉన్నాయి. బజారుకు ఒంటరిగా పంపము, గోదావరి ఒడ్డుకు పంపము, పెళ్లిళ్లకు పోతే అమ్మ పక్కనే కూర్చోబెట్టుకుంటుంది. వాడికి ఒంటరిగా దక్కేది ఆ డాబా ఒక్కటే. పావురాలు లేస్తే వాడి మొహం పైకి పోతుంది, కాళ్లు వెనక్కి నడుస్తాయి. చూస్తుంటే నాకు అరికాళ్లలో జిల్లుమనేది.

ఒక ఎండాకాలం సాయంత్రం అనుకున్నంతా అయింది. ఎదురింటి వదిన తన డాబా మీద నుంచి కేకలు పెడితే ఉరికాను. తమ్ముడు పిట్టగోడకు తల ఆనించి పడి ఉన్నాడు, నోట్లో నురగ. లోపలి వైపే పడ్డాడు. ఒక్క అడుగు అటు పడి ఉంటే కింద సందులో ఉండేవాడు. తెల్లారి డ్యూటీకి పోతూ పోతూ వీధి చివర వెల్డింగు షాపు భాయ్‌కి చెప్పాను, డాబా చుట్టూ రెయిలింగు కావాలి, మనిషి ఛాతీ ఎత్తు రావాలి, ఎక్కడా సందు ఉండొద్దు అని.

భాయ్ టేపు పట్టుకుని కొలుస్తుంటే అమ్మ మెట్లెక్కి వచ్చింది. చుట్టూ మూసేస్తున్నారని తెలిసి మొండికేసింది. ఆమె భయం వేరు. అంతకు ముందు ఒక పెద్ద వరదలో అమ్మ, తమ్ముడు ఈ డాబా మీదే చిక్కుకున్నారు. మెట్లు మునిగాయి. పడవ వెనక సందులోంచి వచ్చి పిట్టగోడకు ఆనుకుంది, గోడ పొట్టిది కాబట్టి అమ్మ చీర ఎగ్గట్టి అవతలికి కాలు వేసి దిగింది. ఆ రోజు నేను అశ్వారావుపేటలో చిక్కుకున్నాను, బస్సులు ఆపేశారు. నేను చూడనిది ఆమె చూసింది.

"గోదారొస్తే ఏడ్నుంచి దిగాలె బిడ్డా? బోనులో ఎలుకల్లెక్క సావాలెనా?" అంది అమ్మ.

నేను ఒంటికాలి మీద లేచాను. గోదావరి ఎప్పుడో వస్తుంది, వీడు రోజూ డాబా ఎక్కుతాడు, ఏది ముందు చూడాలి అన్నాను. అమ్మ నా మాట వినే రకం కాదు, నేను ఆమె కడుపునే పుట్టాను. రెండు రోజులు ఇంట్లో గిన్నెలు తప్ప ఎవరూ మాట్లాడలేదు. చివరికి భాయే మధ్యేమార్గం చెప్పాడు. వెనక వైపు ఒక చిన్న తలుపు పెడతాను, లోపలికే తెరుచుకుంటుంది, తాళం వేసుకోండి అన్నాడు. తాళంచెవి అమ్మ తన కొంగుకు ముడి వేసుకుంది. ఈ మాటలన్నీ జరుగుతున్నంతసేపూ తమ్ముడు పావురాలకు జొన్నలు వేస్తూనే ఉన్నాడు. వాణ్ని ఎవరూ ఏమీ అడగలేదు.

గోడ పాతది, సన్నది. దాని నెత్తిన మేకులు కొడితే గోడతో సహా ఊడి వస్తుందని భాయ్ ఇటూ అటూ ఇనుప పట్టీలు పెట్టి, బోల్టులు గోడలోంచి అవతలికి దూర్చి బిగించాడు. తెల్లరంగు వేశాడు. నాకు పండగలాగే ఉండింది. అయితే ఇంకో గుబులు పట్టుకుంది. గోడ పొట్టిగా ఉన్నప్పుడు వాడు అంచుకు దూరంగా ఉండేవాడు, ఇప్పుడు దర్జాగా మోచేతులు ఆనించి నిలబడుతున్నాడు. సెలవు దొరికినప్పుడల్లా నేను డాబా ఎక్కి ఒక్కో పైపునూ పట్టుకుని ఊపి చూసేదాన్ని. కోతులు నయం నీకన్నా అని వాడు నవ్వేవాడు.

ఆ వానాకాలమే గోదావరి వచ్చింది. నేను డ్యూటీలో ఉండగానే రెండో ప్రమాద హెచ్చరిక అన్నారు. తిరుగు ట్రిప్పులో సారపాక దగ్గరికి వచ్చేసరికి మూడోది కూడా చెప్పేశారు. వంతెన మూసే ముందు దాటిన బస్సుల్లో మాదొకటి. డిపోలో లెక్క అప్పజెప్పి కరకట్ట మీదికి ఉరికాను. అమ్మ ఫోను మోగదు, తమ్ముడి ఫోను స్విచాఫ్. కట్ట మీద పోలీసులు తాడు కట్టారు. మా వీధి లేదు. ఎర్రనీళ్లు, నీళ్ల మీద వరసగా డాబాలు. మా ఇల్లు తెల్ల రెయిలింగును బట్టి గుర్తుపట్టాను. దాని మీద పావురాలు కూర్చుని ఉన్నాయి. మనుషులు లేరు. వెనక తలుపు తెరిచి ఉంది.

ఆ తలుపు తెరిచి ఉండటం నాకు ఏం చెబుతున్నదో తెలియలేదు. పడవ వచ్చి ఇద్దరూ దిగారా? వాడు పడిపోయాడా? వాడి కోసం అమ్మ కూడా దూకిందా? అక్కడే బురదలో కూర్చున్నాను. తలుపు వద్దన్నాను కదా అని ఏడ్చాను, తలుపు ఉండటం మంచిదైందేమో అని కూడా ఏడ్చాను. మా వీధి మనిషి ఒకాయన చూసి, మీవాళ్లను బడికి తీసుకుపోయారు పోమ్మా అన్నదాకా లేవలేదు.

బడిలో తమ్ముడు గచ్చు మీద పడుకుని ఉన్నాడు. బట్టలు తడి. అమ్మ వాడి తల ఒళ్లో పెట్టుకుని ఉంది. మెల్లగా ఆమె చెప్పిన దాన్ని బట్టి అర్థమైంది. పావురాల గూళ్లు తెరిచిగానీ రానని వీడు ఆలస్యం చేశాడు, నీళ్లు మెట్లెక్కాయి, పడవ వెనక సందులోంచి వచ్చింది. అమ్మ తలుపు తీసింది. వీడు గోడ మీద ఒక కాలు పెట్టి, చేత్తో రెయిలింగు పట్టుకున్నాడు. అప్పుడు వచ్చింది ఫిట్స్. సగం మనిషి తలుపు బయట, నీళ్ల మీద. ఒళ్లంతా కట్టెలా బిగుసుకుంది, పిడికిలి మాత్రం పైపును వదల్లేదట. ఆ కాస్త సేపట్లోనే పడవవాడు నడుం పట్టుకుని లాగేశాడు.

నీళ్లు తీశాయి. మేం బురద ఎత్తుతుండగానే అమ్మ భాయ్‌ని పిలిపించింది. ఆ తలుపును వెల్డింగు పెట్టి మూసెయ్యమంది. నేనేమో వద్దే వద్దన్నాను. తలుపు లేకపోతే మీరిద్దరూ అక్కడే మునిగేవాళ్లు అన్నాను. ఉండటం వల్లనే నా కొడుకు పోయేటోడు అంది అమ్మ. అంతకుముందు ఆమె అన్న మాటలు నేను అంటున్నాను, నేను అన్నవి ఆమె అంటోంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, మేం తల్లీకూతుళ్లం చెరొకటి చూసి వచ్చాం. భాయ్ మిషను పక్కన పెట్టి గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

తమ్ముడు గూళ్లు కడుగుతున్నాడు. చెయ్యి ఆపి లేచాడు.

"పడేది నేను, మునిగేది నేను. మాట్లాడేది మీరిద్దరా?" అన్నాడు. "తలుపు ఉండనియ్యండి. తాళంచెవి నాకియ్యండి."

నీకు ఆ టైముకే వస్తే ఎట్లరా అంది అమ్మ.

"వస్తే వస్తది. నీ కొంగుకున్నప్పుడు రాలేదానే? పావురాల గూటికి కూడ పగలు నేను తాళం వెయ్య."

వాడు గొంతు పెంచలేదు. ముప్పై దాటిన మనిషి చుట్టూ కంచె కట్టాం, ఎంత ఎత్తు కావాలో కూడా వాణ్ని అడగలేదు. అమ్మ కొంగు ముడి విప్పి, తాళంచెవిని వాడి చేతికివ్వకుండా పిట్టగోడ మీద పెట్టి కిందికి దిగిపోయింది. వాడు దాన్ని మెడలోని తాయెత్తు తాడుకే కట్టుకున్నాడు. భాయ్ వదులైన బోల్టులు బిగించి వెళ్లాడు.

నేను మారిపోయానని చెప్పలేను. బస్సు ఆగిన ప్రతి చోటా వాడికి ఫోను చేస్తాను. "ఏరా, ఉన్నవా?" అంటాను. "ఉన్న. నీ టికెట్లు నువ్వు కొట్టుకోరాదు" అని కసురుకుంటాడు. ఆ కసురు వింటే ఊపిరి పీల్చుకుని విజిల్ వేస్తాను. ఒక్కోసారి ఫోను మోగుతూనే ఉంటుంది. పావురాలకు మేత వేస్తున్నాడేమో, మిక్సీ చప్పుడులో వినబడలేదేమో. డ్రైవరు అద్దంలోంచి నన్ను చూస్తుంటాడు, జనం పోనియ్యమని గొడవ చేస్తుంటారు. వాడు ఎత్తేదాకా నా కళ్లకు బస్సు లేదు, జనం లేరు. నీళ్ల మీద ఆ తెల్ల రెయిలింగు, తెరిచి ఉన్న తలుపు, అంతే.