పెద్దమ్మ దీపాలు, నాన్న అట్టముక్క

పదకొండేళ్లపాటు మా పెద్దమ్మ చేసిన పని కింద మా నాన్న పేరే ఉంది. ఆ పేరు రాసే అట్టముక్కలు ఏటా ప్రదర్శనకు కత్తిరించి ఇచ్చింది నేనే కాబట్టి, ఈ పాపంలో నాకూ వాటా ఉంది.

నాన్న బొమ్మరైళ్ల సంఘానికి అధ్యక్షుడు. పెద్దమ్మ రేడియోలు బాగుచేసే దుకాణంలో ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి. జానెడు రైలుపెట్టె కప్పు ఊడదీసి, బియ్యపుగింజంత బల్బులు వరసగా అతికించి, వెంట్రుకలాంటి తీగలు చక్రాల దాకా దింపేది. పట్టాల్లోని కరెంటు చక్రాల మీదుగా ఎక్కి కిటికీలు వెలిగేవి. గోడల్లోంచి వెలుగు కారకుండా లోపల నల్లరంగు పూసేది. సీట్లలో పట్టడం లేదని నాన్న కాళ్లు కోసేసిన బొమ్మ ప్రయాణికులకు, ఒళ్లో గుడ్డముక్కలు కప్పి పరువు నిలిపేది.

సభ్యత్వం అడిగితే, "ఇప్పుడా? ఇంట్లో మనిషివి, నీకెందుకు వదినా?" అనేవాడు నాన్న. పైగా "సభ్యులు కానివారు పట్టాలు ముట్టరాదు" అని స్వయంగా బోర్డు రాసి తగిలించాడు.

ఈసారి ప్రదర్శన రోజున, పట్టాలు తళతళలాడాలని నాన్న పొద్దున్నే కుట్టుమిషను నూనె పట్టించాడు. జనం వచ్చారు. హాలు కిటికీల తెరలు దించారు. బ్యాటరీతో నడిచే ఇంజను జారుతూ బయల్దేరింది. వెనక ఎనిమిది పెట్టెలూ మిణుక్కుమని ఆరిపోయాయి.

"లోపల లైట్లు లేవేంటండీ?" అన్నారెవరో.

"సొరంగంలో ఉందనుకోండి," అన్నాడు నాన్న.

"సొరంగం ఏదండీ?"

నాన్న గోడవారన కూర్చున్న పెద్దమ్మ దగ్గరికి పరిగెత్తాడు. "వదినా, కాస్త చూడవా!"

"నేను ముట్టుకోకూడదుగా మరిదిగారూ. బోర్డు మీరే రాశారు. చేతిరాత ముత్యాల్లా ఉంది."

"ఇప్పుడా ఆ గొడవ?"

"పదకొండేళ్లుగా ఎప్పుడడిగినా 'ఇప్పుడా' అనే అంటున్నావు."

"సార్, జనం లేచిపోతున్నారు. ఆవిణ్ణి సంఘంలో చేర్చేసుకుందాం," అన్నాడు కార్యదర్శి. నిలువుకాళ్ల మీద సమావేశం జరిగిపోయింది. కంగారులో కొందరు రెండు చేతులూ ఎత్తారు.

పెద్దమ్మ లేచి, పట్టా మీద వేలు రాసి వాసన చూసింది. "నూనె పెట్టావా? తల అనుకున్నావా, పట్టా అనుకున్నావా? చక్రానికి కరెంటెలా అందుతుందయ్యా!" స్పిరిట్ తడిపిన గుడ్డతో పట్టాలూ చక్రాలూ తుడిచింది. రైలు మళ్లీ కదిలింది. పెట్టెలన్నీ ఒక్కసారిగా వెలిగాయి. కాళ్లు లేని జనమంతా ఒళ్లో దుప్పట్లతో దర్జాగా సాగిపోయారు.

చప్పట్లకు నాన్న చేతులు జోడించబోయాడు. "ముందు అట్టముక్క," అంది పెద్దమ్మ. "దీపాలు" అని రాయించి, పక్కన తన పేరు నాన్న చేతే రాయించింది. అక్షరాలు చిన్నవయ్యాయని రెండుసార్లు తిరగరాయించింది.

మీ ఇంట్లోనో, సంఘంలోనో, ఆఫీసులోనో పని ఒకరిదీ పేరు ఒకరిదీ అయిన అట్టముక్క ఉండే ఉంటుంది. దీపాలు ఆరేదాకా ఆగకండి. ఇవాళే దాన్ని పీకేయండి. కొత్తది మాత్రం నూనె రాసిన పెద్దమనిషి చేతే రాయించండి.