పొగ తిన్న డ్రమ్ము

ఈ రోజు సోమవారం. నిన్న మా మరిదిని తలుచుకుంటూ ఆదరణ కూడిక జరిగింది. వారం క్రితం నిద్రలోనే వెళ్ళిపోయాడు. కూడికలో అందరూ ఆయన పాటల గురించి, రైల్వే వర్క్‌షాపు ఉద్యోగం గురించి చెప్పారు. డ్రమ్ము సంగతి ఎవరూ ఎత్తలేదు. అందుకే రాస్తున్నాను.

రిటైరయ్యాక ఈ బెంగాలీ రైల్వే ఊళ్ళో, మలంచా పేటలోని మా పెరట్లో పాత ఇనప డ్రమ్ము ఒకటి పెట్టాడు. చేతుల్లో ఈత మట్టలు పట్టుకుని చర్చికి వెళ్ళే మట్టల ఆదివారం తర్వాత చర్చి ఆవరణలో మిగిలిన మట్టలు తెచ్చి, గాలి చొరకుండా అందులో మూసి, కింద కట్టెలు మండించేవాడు. లోపలి పొగ గొట్టంలో చల్లబడి నల్లటి నూనెగా సీసాలోకి కారేది. బండికి పనికిరాదు గాని బర్నర్‌లో మండుతుంది.

మొదటిసారి పచ్చి మట్టలే వేశాడు. సీసాలో నీళ్ళే ఎక్కువ.

"ఏటయ్యా, నూనె తీసినావా, నీళ్ళు కాసినావా? ఇన్ని కట్టెలు కాల్సి ఇంతేనా? నా వంటింట్లో అయితే ఊరుకుందునా?" అన్నాను.

"ఊరుకోవనే కదా వదినా, నిన్ను పిలిసినాను!"

వానాకాలంలో పొయ్యి చుట్టూ తడి పుల్లలు పేర్చి ఆరబెట్టడం మునుపు మేమున్న రైల్వే క్వార్టర్స్‌లో అందరికీ అలవాటే. అలాగే చేయమన్నాను. అప్పటినుంచి రేపటి మట్టలు ఇవాళ్టి డ్రమ్ము వేడికే ఆరేవి. కట్టెలు తగ్గాయి. పొగ తగ్గలేదు. నూనెగా మారనిదంతా పక్కింటి బెంగాలీ దీదీ ఆరేసిన తెల్ల చీరల మీదికి పోయేది. డ్రమ్ము వెలిగిస్తే చాలు, ఆవిడ పరుగున వచ్చి చీరలు లాక్కునేది. చివరికి గోడ మీంచి తేల్చి చెప్పింది.

"దాదా, ఆర్ నా! ఇక చాలు! ఇంకోసారి పొగ వస్తే డ్రమ్ము పాత ఇనుము కొనే కబాడీవాలాకే."

మరిది దిగులుగా తిరిగాడు. ఒక ఉదయం టీ తాగుతూ అన్నాడు: "ఆ పొగా మండుతాది గదా వదినా. దాన్నే కింద కాల్సితే?"

నూనె సీసాలోకి కారాక మిగిలిన పొగ పోయే గొట్టం చివర వంచి డ్రమ్ము కిందికి తెచ్చాడు. మంట వెనక్కి పోకుండా, పొగ నీళ్ళలోంచి బుడగలై వచ్చేలా మధ్యలో నీళ్ళ డబ్బా పెట్టాడు. కట్టెలతో రాజేశాం. కాసేపటికి గొట్టం నోట నీలిమంట పట్టుకుంది.

"కట్టెలు లాగీ వదినా!"

లాగేశాను. మంట ఆరలేదు. డ్రమ్ము తన పొగతోనే తను కాగుతోంది. దీదీ వచ్చి చీర వాసన చూసింది. "ఠీక్ హై, దాదా," అని చీరను తీగ మీదే వదిలి లోపలికి పోయింది. సీసా నిండినప్పుడు కూడా మరిది అంతగా నవ్వలేదు.

ఆయన ఆరబెట్టిన చివరి మట్టలు డ్రమ్ము పక్కనే ఉన్నాయి. ఇక జరగవలసినవి:

1. శనివారం ఆయన కొడుకు వాటిని డ్రమ్ములో వేయాలి. పచ్చిది ఒక్కటి కనబడినా ఒప్పుకోను.
2. డబ్బాలో నీళ్ళు నిండుగా ఉన్నాయని చూశాకే వెలిగించాలి.
3. నీలిమంట పట్టగానే కట్టెలు నేనే లాగుతాను.
4. పక్కింటి తీగ మీద చీరలు కదలకూడదు, గాలికి తప్ప.