టైలరు బాబాయి గీసిన నాలుకలు

మా వీధి టైలరు బాబాయి కొలవనిదే కూరలో ఉప్పు కూడా వేయడని అనుకునేవాళ్లం. ఆయన మిషను చప్పుడు వింటేగానీ నాకు తెల్లారేది కాదు. ఇప్పుడా గదిలో సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు. అయినా అటు వెళ్తే లోపలికి తొంగిచూడకుండా ఉండలేను.

భార్య పోయాక ఆయనకు మిగిలింది ఐదేళ్ల కూతురు బుజ్జి ఒక్కతే. ఓరోజు దాని నాలుక మీద ఎర్రటి మచ్చలు, చుట్టూ తెల్లటి అంచు కనిపించాయి. అచ్చం దేశాల పటంలా. బాబాయికి పై ప్రాణాలు పైనే పోయాయి. ఏదో జబ్బు పిల్ల నాలుకను తినేస్తోందనుకున్నాడు. గుడ్డతో రుద్దాడు. ఉప్పు, పులుపు, తీపి అన్నీ మాన్పించి చప్పటి గంజి పోశాడు. నాలుగు రోజులకే పిల్ల పుల్లలా అయిపోయింది. గాలికి ఎగిరిపోతుందేమోనని నేనే పట్టుకుని కూర్చున్నాను.

"కాస్త ఉప్పన్నా వెయ్యి బాబాయ్!"

"నువ్వూరుకోవే! నీ నాలుకకేం, రోజూ వీధంతా తిరిగొస్తుంది."

మచ్చలు ఎంత పెరుగుతున్నాయో తెలియాలి కదా. జాకెట్ల కొలతలు గీసుకునే కాగితం మీద రోజూ పొద్దున్నే నాలుక గీసి, మచ్చలు రంగు సుద్దతో దిద్దేవాడు. వారం తిరిగేసరికి ఆ కాగితాలు చుట్టచుట్టి, పిల్లను చంకనేసుకుని ఆసుపత్రికి పరిగెత్తాడు. వెనకే నేను. నేను లేకుండా మా వీధిలో ఏం జరిగింది గనక!

డాక్టరమ్మ బుజ్జి నాలుక చూసి, కాగితాలు బల్ల మీద పరిచింది.

"సోమవారం మచ్చ ఎక్కడుంది?"

"కుడి పక్కనమ్మా."

"గురువారం?"

"ఎడమ పక్కన."

"మరి కుడి పక్కది?"

బాబాయి కళ్లు నులుముకుని చూశాడు. "మానిపోయిందమ్మా!"

"తినేసే జబ్బయితే ఇలా షికార్లు చేస్తుందా? ఇది వస్తుంది, పోతుంది. హాని లేదు, ఎవరికీ అంటుకోదు, మందూ అక్కర్లేదు. రుద్దకండి. మంటగా ఉందంటే ఆ నాలుగు రోజులు కారం, పులుపు తగ్గించండి. రెండు వారాలైనా కదలని పుండుంటేనో, పిల్ల తినలేకపోతేనో తీసుకురండి."

"అయితే నా బిడ్డను ఊరికే మాడ్చానా?" అని బాబాయి గోడకు జారగిలబడ్డాడు.

బయటికొచ్చి మెట్ల మీదే అరటిపండు ఒలిచి బుజ్జి చేతిలో పెట్టాడు. అది సగం కొరికి, మిగతాది ఆయన నోటి దగ్గర పెట్టింది.

"నువ్వూ తిను నాన్నా. నువ్వూ గంజే తాగావుగా."

వీధిలో ఎవరి పొయ్యి మీద ఏం ఉడుకుతుందో వాసనతో చెప్పే నాకు, ఆ మాట మాత్రం అప్పటిదాకా తెలియలేదు.