బావగారు కొట్టేసిన వాక్యం

మొన్న రాయపూర్ మోవా పేటలోని మా ఇంటికి తెలుగు సంఘం వాళ్ళు వచ్చి, రిపబ్లిక్ డే సంచికలో వేస్తాం, మీ మావగారి పటాలం ఫోటో ఒకటి, ఆయన వీరత్వం గురించి నాలుగు మంచి ముక్కలు ఇవ్వండి అన్నారు. ఫోటో కోసం ట్రంకుపెట్టె తెరిస్తే అడుగున ఆ పాత కాగితం కనిపించింది, మధ్యలో ఒక వాక్యం మీద నీలం గీతతో.

ఇరవై ఏళ్ళ పైమాట. నేనప్పుడు రైల్వే ఆఫీసులో గుమాస్తాను. మన ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, రాయపూర్‌లో పుట్టి పెరిగిన మనకి తెలుగు నోట్లోనే తప్ప చేతిలో ఉండేది కాదు, ఊరికి ఉత్తరం రాసినా హిందీ అక్షరాల్లోనే తెలుగు రాసేవాళ్ళం. మావగారిది విజయనగరం వైపు. తెల్లవాళ్ళు వెళ్ళిపోయి పటాలం మనదయిన కొత్తల్లో సిపాయి. ఏనాడూ ఆ ఊసెత్తని మనిషి, ఆ ఏడు జెండా పండగకి మాట్లాడమని సంఘం అడిగితే సరేనన్నారు. చూపు సరిగా ఆనదు కనక ఆయన చెబుతుంటే నేను రాయాలి, వేదిక మీద నేనే చదవాలి.

బూట్లు, కవాతు, కొత్త జెండా చూసి ఏడ్చిన సంగతి, అన్నీ రాశాను. మూడో సాయంత్రం ఆ వాక్యం చెప్పారు. సంస్థానాలు కలుపుకునే రోజుల్లో వాళ్ళ దళం ఒక తెలుగు పల్లెను చుట్టుముట్టిందట; మిగతా అందరూ ఉత్తరాది సిపాయిలు, తెలుగు వచ్చింది ఈయనకొక్కరికే. తలుపులు బిగించుకున్నవాళ్ళని పిలవమంటే, రండి బాబూ, మనోళ్ళమే, భయం లేదు అని పిలిచారు. ఆ మాట నమ్మి ఏడుగురు బయటికొస్తే దళం గోడకి నిలబెట్టి కాల్చేసింది. ఇది నలుగురిలో చెప్పకుండా పోను అన్నారు మావగారు. నిజం చెప్పొద్దూ, ఆ పూట ఆయన ముందు టీ పెట్టడానికి కూడా నాకు మనసొప్పలేదు.

సంఘం కార్యదర్శి మా బావగారే, మావగారి పెద్దకొడుకు. కాగితం చదివి ఆ వాక్యం మీద బరబరా గీత గీసేశారు. “నాన్న ఇజ్జత్ ఏం కాను? పండగపూట ఈ గోలేంటమ్మా!” అన్నారు. నాకూ లోలోపల హమ్మయ్య అనిపించింది, ఛీ, ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ సిగ్గే. మావగారికి చెప్పలేదు.

వేదికెక్కి చదివాను. కొత్త జెండా దగ్గర చప్పట్లు మోగాయి. గీత వచ్చింది, దాటేశాను. ముందు వరసలో మావగారు కర్ర పట్టుకుని లేచారు.

“ఒక మాట ఒగ్గేసినావమ్మా. సదువు.”

పక్కన బావగారు వద్దని తల ఊపుతూనే ఉన్నారు. మావగారు కూర్చుంటేగా! నేను చదవకపోతే తానే చెబుతానని మెట్ల దాకా వచ్చేశారు. చదివాను. ఒక్క అక్షరం కూడా మింగలేదు. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు, మిఠాయి పొట్లం తీసుకోకుండానే కొందరు వెళ్ళిపోయారు, మావగారు మాత్రం చివరిదాకా నిలబడే ఉన్నారు.

బావగారు ఆరునెలలు తండ్రితో మాట్లాడలేదు. ఆ వేసవిలో మావగారు గచ్చు మీద సుద్దముక్కతో పెద్ద పెద్దగా రాసి నాకు తెలుగు అక్షరాలు నేర్పారు. మోసగించి పిలిచింది ఈ భాషలోనే కనక నిజం కూడా ఇందులోనే ఉండాలనేవారు.

ఇప్పుడు సంఘానికి పెద్ద హాలు ఉంది, మైకులున్నాయి, వీరత్వం గురించి గంటలకొద్దీ మాట్లాడేవాళ్ళున్నారు. నేనేం దాటేసినా, ఒగ్గేసినావమ్మా అని లేచే మనిషి మాత్రం లేరు. అందుకే సంఘం అడిగిన నాలుగు ముక్కల్లో మొట్టమొదట ఆ వాక్యమే రాసిచ్చాను. అది తీసేసేట్టయితే ఫోటో వెనక్కి ఇచ్చెయ్యమన్నాను.