రాతిని తినే నీళ్లు

పోయిన నెల స్నానాలగదికి కొత్త బండలు వేయిద్దామని నంద్యాలలో ఒక అంగడికి వెళ్లాను. బేరం కుదిరిన సంతోషంలో అంగడతను చిన్న ప్లాస్టిక్ సీసా ఒకటి నా చేతిలో పెట్టి, "తుప్పు మరకలు పడితే రెండు చుక్కలు ఎయ్యమ్మా, రాయి కొత్తదాని మాదిరి అయితాది. ఊరికే ఇస్తాండా" అన్నాడు. నాకు చదువు అంటించిన రోగం ఒకటుంది. చేతికొచ్చిన ప్రతి సీసా మీదా చిన్నక్షరాలు చదువుతాను. ఇదీ చదివాను. చదివి, దాన్ని నిద్రపోతున్న పసిబిడ్డను దించినంత మెల్లగా బల్ల మీద పెట్టి, కొళాయి ఎక్కడుందో అడిగి, మూతైనా తీయని సీసా కోసం మోచేతుల దాకా చేతులు కడుక్కున్నాను. పెద్దామెకు చాదస్తం పట్టిందనుకుని ఉంటాడు. చాదస్తం కాదు, భయం. నలభై ఏళ్ల నాటి భయం.

ఎనభైల మొదట్లో నేను కెమిస్ట్రీలో డిగ్రీ చేతబట్టుకుని, ఉద్యోగం లేక, నంద్యాలలో మా చిన్న మేనమామ ఇంట్లో ఉండేదాన్ని. మామ ఒక కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పేవాడు. పెళ్లి చేసుకోలేదు. "వానికి రాళ్లతోనే సంసారం" అని మా అమ్మ దెప్పేది. సెలవు దొరికితే చాలు, సుత్తీ గోనెసంచీ తీసుకుని పత్తికొండ, గుత్తి వైపు కొండలకు పోయేవాడు. తిరిగొచ్చేటప్పుడు ఆ సంచిని బస్సెక్కించడానికి కండక్టరుతో ప్రతిసారీ తగువే. డబ్బు పెట్టి కొన్న సరుకైతే లగేజీ టికెట్టు కొట్టేవాళ్లు. రోడ్డు పక్క రాళ్లకు ఏం కొట్టాలో పాపం వాళ్లకూ తెలిసేది కాదు. ఇంటి వెనక పశువుల కొట్టాన్ని బాగుచేసి, కిటికీలో ఒక ఫ్యాను బిగించి, అందులో ఆ రాళ్లను దంచి, నూరి, కరిగించేవాడు. దంచడం, నూరడం నా వంతు. కొన్నాళ్లకు కరిగించడమూ నా వంతే అయింది.

ఎందుకింత పాట్లు అని మొదట్లో అడిగాను. నంద్యాలలో ఎక్కడ తవ్వినా నాపరాయో సున్నపురాయో తగులుతుంది. అదంతా ఒకప్పటి సముద్రం అడుగు. దానికీ కింద, ఎంతో లోతున గ్రానైటు ఉంది. పడమట గుత్తి వైపు అది పైకి తేలి కొండలై కనిపిస్తుంది. "అది పీట. మనమంతా పీట మీద కూర్చున్నోళ్లం. పీట ఎవరు చేసినారో తెలుసుకోవద్దా?" అనేవాడు మామ. ఆ గ్రానైటులో బూడిదరంగుది ఒకటి, గులాబీరంగుది ఒకటి. బూడిదరంగు రాతిలో సోడియం ఎక్కువ. భూమి పైపెచ్చు ఇంకా పలచగా ఉన్నప్పుడు, అడుగునున్న నల్లటి రాయి కరిగి పుట్టిన మొదటి వంట అది. తర్వాత భూఖండాలు ఒకదాన్నొకటి నెట్టుకుని, అతుక్కుని, పైపెచ్చు మందమయ్యాక, ఆ మొదటి వంటే అడుగున మళ్లీ కాగింది. అప్పుడు ముందుగా కరిగి పైకొచ్చిన భాగం గులాబీరంగు రాయి. దానిలో పొటాషియం ఎక్కువ. కాబట్టి రాతిలో ఏది ఎంతుందో కొలిస్తే, ఏ నేల ఏ నేలతో ఎప్పుడు కలిసిందో చెప్పొచ్చు. కరిగించిన ద్రావణాన్ని కాలేజీలో మంటలోకి చిమ్మితే సోడియం పసుపుగా, పొటాషియం లేత ఊదాగా వెలుగుతుంది. ఆ ఊదారంగు కనిపించిన రోజు మామ ఒక దోసె ఎక్కువ తినేవాడు.

అయితే గ్రానైటును కరిగించడం మామూలు యాసిడ్ల తరం కాదు. దానికి హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ కావాలి, అంగడతను ఇచ్చిన సీసా మీద చిన్నక్షరాల్లో ఉన్న పేరు అదే. అది గాజును కూడా తినేస్తుంది, అందుకని ప్లాస్టిక్ సీసాలో వస్తుంది. ప్లాటినం గిన్నెలో రాతిపొడి వేసి, ఇది పోసి, సన్నసెగ మీద పెడితే రాయి కనబడకుండా పోతుంది. మొదటిరోజు మామ నన్ను ఎదురుగా కూర్చోబెట్టి గంటసేపు జాగ్రత్తలు చెప్పాడు. రబ్బరు తొడుగులు తీయొద్దు, ఫ్యాను ఆపొద్దు, ఆవిరి పీల్చొద్దు అన్నవి గుర్తున్నాయి. మిగతావి చెబుతుంటే నేను ఆ తొడుగుల వాసన గురించి ఆలోచిస్తున్నాను. విన్నంత మేరకు తు.చ. తప్పకుండా పాటించాను, విననిదాని సంగతి నాకు తెలియదు.

మామకు ఆళ్లగడ్డలో ఒక స్నేహితుడు ఉండేవాడు. విగ్రహాలు చెక్కే శిల్పి. నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద, నేను అన్నా అని పిలిచేదాన్ని. రాయి కొనడానికి పడమటి వైపు పోయినప్పుడల్లా మామకు నాలుగు ముక్కలు తెచ్చిచ్చేవాడు. రాయి కొనేముందు చిన్న సుత్తితో తట్టి, చెవి ఆనించి వినేవాడు. కంచు మోగినట్టు మోగితే దేవుడికి, బొంగురుగా పలికితే మెట్లకు. "నీ యాసిడు నాల్గు దినాలకు చెప్పేది నా సుత్తి ఒక దెబ్బకు చెప్తాది సారూ" అని మామను ఆటపట్టించేవాడు.

ఆ రోజు మామ ఊళ్లో లేడు, కొండలకు పోయి రెండు రోజులైంది. మధ్యాహ్నం అన్న వచ్చాడు. బూడిదరంగు మధ్యలో గులాబీ చార పోయిన ముక్కలు తెచ్చాడు. అప్పుడే నేను గిన్నెలో పొడి వేసి యాసిడ్ పోశాను. చివరిదాకా గుమ్మం దగ్గరే నిలబడి చూసి, "ఏందమ్మా ఇది! రాయి యాడికి పాయ?" అన్నాడు. తర్వాత కొట్టం బయట కూలబడ్డాడు. ఆపైన అసలు సంగతి చెప్పాడు. గుత్తి వైపు పల్లె ఒకటి తమ అమ్మవారిని తమ కొండ రాతితోనే చెక్కాలని పట్టుబట్టింది. మొండి రాయి. అంతా అయింది, కళ్లు మిగిలాయి. శిల్పుల్లో విగ్రహానికి కళ్లు ఆఖరున తెరుస్తారు, మంచిరోజు చూసుకుని, తెల్లవారుజామున తలస్నానం చేసి, ఏమీ తినకుండా. ఆ మంచిరోజు మర్నాడే. కంటి దగ్గర ఒక్క పెచ్చు ఎగిరినా విగ్రహం పూజకు పనికిరాదు. ఏడాది మొత్తం పని నేలపాలు. పైగా ఆ మధ్య ఆయన చెయ్యి సన్నగా వణుకుతోంది. ఇంట్లో కూడా చెప్పని ఆ మాట నాకు చెప్పాడు. "రవ్వంత ఇయ్యి పాపా. ఉలి పెట్టకుండా కండ్లు తెరిపిస్తా" అన్నాడు.

ఇవ్వకూడదు. ఆ సంగతి తెలుసు. కానీ నా చదువుతో పని పడి నన్నొకరు అడగడం అదే మొదలు. ఉద్యోగం లేని డిగ్రీకి అంతకంటే గౌరవం ఏముంటుంది? సగానికి సగం నీళ్లు కలిపి, తలనూనె ప్లాస్టిక్ సీసాలో కొంచెం పోసిచ్చాను. పెద్ద డాక్టరమ్మలాగా వేలు చూపించి మరీ చెప్పాను, "చేతికి తగలనీకు అన్నా. ఏమన్నా మంట పుట్టిందా, వెంటనే నీళ్లతో కడుక్కో." ఆయన బడిలో పాఠం అప్పజెప్పినట్టు ఆ మాట రెండుసార్లు నాకే తిరిగి చెప్పి, సీసాను తుండుగుడ్డలో చుట్టుకుని పోయాడు.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికే మామ దిగాడు. సంచి దించుతూనే యాసిడ్ సీసా వైపు చూశాడు. దాని మీద ఎప్పుడూ పెన్సిలు గీత గీసి పెట్టేవాడు. "ఎవరు తీసినారు?" అన్నాడు. చెప్పాను, కొంచెం గొప్పగానే. "ఏం చెప్పి ఇచ్చినావు?" అన్నాడు. అదీ చెప్పాను. మామ ముఖంలో నెత్తురు దిగిపోవడం నేను చూశాను. "మే, అది మంట పుట్టదే! నీళ్లు కలిపింది అసలే పుట్టదు. ఐదారు గంటలు చప్పుడు లేకుండా లోపలికి పోతాది. అది తినేది ఎముకలో ఉండే సున్నాన్ని. మంట తెలిసేతలికి ఎముకలో ఉంటాది. మొదటి దినమే చెప్పినా గదా!" అన్నాడు. చెప్పే ఉంటాడు. నేను తొడుగుల వాసన చూస్తున్నప్పుడు చెప్పి ఉంటాడు.

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు బస్సులో గంటన్నర. ఆ రోజు శిరివెళ్లలో డ్రైవరు టీకి దిగాడు. గ్లాసు పట్టుకుని ఎవరితోనో పొలాల సంగతి మాట్లాడుతున్నాడు. నాకు అరచేతులు తడిసి కిటికీ కమ్మీ జారుతోంది. నాలుగింటికి లేచి స్నానం చేసి ఉంటాడు, ఐదింటికి మొదలుపెట్టి ఉంటాడు, ఇప్పటికి ఎన్ని గంటలు అని వేళ్ల మీద లెక్కపెట్టుకుంటున్నాను. మొదలుపెట్టకపోయి ఉంటే బాగుండు, సీసా దారిలోనే ఒలికిపోయి ఉంటే బాగుండు. ఆ అమ్మవారికే మొక్కుకున్నాను, తల్లీ ఆయన్ను కాపాడు అని. అంతలోనే ఆమెకింకా కళ్లు తెరవలేదని గుర్తొచ్చింది. పక్కన మామ చేతి గడియారం వైపే చూస్తున్నాడు. తిట్టినా కొంత ధైర్యం వచ్చేది.

మేం పోయేసరికి అన్న విగ్రహం ముందు కూర్చుని నవ్వుతున్నాడు. ఆ నవ్వు చూసి నాకు ఇంకా భయమేసింది. "రా సారూ, రా పాపా, చూడండి!" అన్నాడు. నున్నటి బూడిదరంగు రాతి మీద రెండు కళ్లు సన్నటి తెల్లగీతలుగా తీరి ఉన్నాయి. బంగారు సూదికి దూది చుట్టి, ముంచి గీశాడట. పక్కకు కారినదాన్ని కుడిచేతి బొటనవేలితో తుడిచాడట, గీతకొకసారి. మామ ఆ చెయ్యి పట్టుకుని వెలుతురుకు తిప్పాడు. వేలికొన చాలాసేపు నీళ్లలో నానినట్టు పాలిపోయి ఉంది.

"మంట లేదు సారూ" అన్నాడు అన్న. "పాప చెప్పింది గదా, మంట పుడితే కడుక్కోమని. పుట్టలే. అందుకే కడుక్కోలే."

మామ ఆ చేతిని బోరింగు కింద పెట్టించి నీళ్లు కొట్టిస్తూనే ఉన్నాడు. తర్వాత బజారులో ఉన్న డాక్టరు దగ్గరికి నడిపించాం. సగం దారిలో అన్న ఆగిపోయాడు. "సారూ, ఇప్పుడు మొదలైతాండాది" అన్నాడు. డాక్టరు కాలిన పుండ్ల మందు తీయబోతే మామ ఆపి, వేలి చుట్టూ కాల్షియం ఇంజెక్షన్ వెయ్యాలన్నాడు. "పసిపిల్లల ఫిట్సుకు ఇచ్చేది ఇదే గదప్పా" అని డాక్టరు వెనకాడాడు. ఈ యాసిడ్ సున్నం కోసం, అంటే కాల్షియం కోసం ఎముకకు పోతోందని, బయటే సున్నం దొరికితే అక్కడే ఆగుతుందని మామ గడగడా చెప్పాడు. డాక్టరు ఒక్క నిమిషం ఆలోచించి సన్నసూది తీశాడు. నొప్పి తగ్గితే మందు అందినట్టు, తగ్గకపోతే వేలు తీసెయ్యాల్సిందే అన్నాడు. ముప్పై ఏళ్లు సుత్తి దెబ్బలు తింటూ అబ్బా అని ఎరగని మనిషి లోపల అరుస్తున్నాడు.

బయట అరుగు మీద వదిన, అంటే అన్న భార్య, నా పక్కన కూర్చుంది. "నేనే ఇచ్చినా వదినా" అన్నాను. ఆమె నన్ను తిట్టలేదు. చేతిలో ఉన్న నా చెయ్యీ వదల్లేదు. "ఆ చెయ్యి పోతే మేం యాడికి పోవాలమ్మా?" అని మాత్రం అడిగింది, నిజంగా నాకు తెలుసేమో అన్నట్టు. నాకు ఏడుపు కూడా రాలేదు. లోపల అరుపు ఆగిన ప్రతిసారీ తగ్గిందో, స్పృహ పోయిందో తెలియక ఇద్దరం ఒకేసారి లేచి నిలబడేవాళ్లం.

మూడో ఇంజెక్షన్ తర్వాత, ఎండ దిగుతుండగా నొప్పి తగ్గింది. వేలు దక్కింది. గోరు పోయింది, కొన కొంచెం కుంచించుకుపోయింది. మూడు నెలలు ఉలి పట్టలేదు, తర్వాత పట్టాడు. అమ్మవారు ఆ కళ్లతోనే తన పల్లెకు పోయింది. ఆ కళ్ల ముందు నిలబడే ధైర్యం నాకు ఈనాటికీ చాల్లేదు. గులాబీ చార ముక్కలను మామే కరిగించాడు, పొటాషియం బాగా ఎక్కువొచ్చింది. పాత నేల రెండోసారి కాగిన గుర్తు దొరికిందని ఎంతో సంబరపడాల్సిన మనిషి, ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, యాసిడ్ సీసా మీద లావుపాటి అక్షరాలతో 'మంట పుట్టదు' అని రాసి అంటించాడు. నన్ను ఎన్నడూ ఒక్క మాట అనలేదు.

ఆ సాయంత్రం కట్టుతో బయటికొచ్చిన అన్న నన్ను చూసి, నేనేదో భయపడతానని, తనే సర్దిచెప్పబోయాడు. "నువ్వు చెప్పినట్టే చేసినా పాపా. మంట పుడ్తాదేమోనని చూస్తానే ఉంటి" అన్నాడు. ఆ కొండరాళ్ల వయసు రెండు వందల కోట్ల ఏళ్లకు పైమాటే అనేవాడు మామ. అంత కాలం నా ఊహకు అందదు. నాకు తెలిసినంతలో అన్నిటికంటే పొడుగైన కాలం, నా మాట నమ్మి ఒక మనిషి తెల్లవారుజాము నుంచి మధ్యాహ్నం దాకా, నెమ్మదిగా, మంట కోసం ఎదురుచూసిన ఆ ఆరేడు గంటలే.